ఏడుకొండలవాడి పేరే, బాబూ!

(సిబ్బంది కుటుంబాల వార్షిక సమ్మేళనంలో ఒక విశ్రాంత సీనియర్ మేనేజరు చేసిన ప్రసంగం పూర్తి పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, నాతో కలిసి పనిచేసిన మిత్రులకు, వాళ్ళని ఇన్నేళ్ళు భరించిన వారి శ్రీమతులకు, శ్రీవార్లకు, ముందు వరసలో కూర్చుని ఐస్‌క్రీమ్ ఎప్పుడొస్తుందా అని చూస్తున్న పిల్లలకు నమస్కారం.

ఈ కార్యక్రమం చూస్తున్న అమ్మాయి పోయిన వారం ఫోన్ చేసి, "సార్, మీరు ఓ పావుగంట మాట్లాడాలి. మొండి బాకీల గురించి, రికవరీ గురించి మాత్రం వద్దు. ఇంటిల్లిపాదీ వస్తారు" అంది. మరి ముప్ఫై ఎనిమిదేళ్ళు బ్యాంకులో పనిచేసినవాడికి ఆ రెండూ కాక ఇంకేం తెలుస్తాయి? ఆలోచించి ఆలోచించి, నాకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన విషయం ఒకటుంది కదా అనిపించింది. అది నా పేరు. వెంకటేశ్వర్లు. ఇవాళ దాని గురించే మాట్లాడతాను.

ముందు ఒక చిన్న లెక్క. ఈ హాల్లో పేరులో ఎక్కడో ఒకచోట 'వెంకట' ఉన్నవాళ్ళు చేతులెత్తండి. ఇంటిపేరు పక్కన పొడి అక్షరంగా దాక్కున్నా సరే, ఎత్తాలి. చూశారా! ఇప్పుడు పదేళ్ళలోపు పిల్లల్లో ఎవరికైనా ఉంటే వాళ్ళు మాత్రమే ఎత్తండి. ఒక్క బాబు ఎత్తాడు. నాన్నా, ఇవాళ నీకు రెండు ఐస్‌క్రీములు.

నేను 1981లో గుమాస్తాగా చేరిన బ్రాంచిలో నాతో కలిపి ముగ్గురు వెంకటేశ్వర్లు ఉండేవాళ్ళం. మేనేజరు గారు పిలిస్తే ముగ్గురం లేచేవాళ్ళం. వారం రోజులు చూసి ఆయన పేర్లు పంచేశారు. ఒకాయన క్యాష్ వెంకటేశ్వర్లు, ఒకాయన పొడుగు వెంకటేశ్వర్లు, నేను కొత్త వెంకటేశ్వర్లు. ఆరేళ్ళ తర్వాత బదిలీ అయి వెళ్ళేటప్పుడు కూడా నేను కొత్త వెంకటేశ్వర్లునే. ఖాతాదారుల సంగతి సరేసరి. సేవింగ్స్ లెడ్జరుకి అక్షరాల వారీగా ఇండెక్సు పుస్తకం ఒకటుండేది. అందులో 'వి' అక్షరం పేజీలు నిండిపోయి, అదనంగా కాగితాలు కుట్టుకోవాల్సి వచ్చేది.

ఆ రోజుల్లో కౌంటరు దగ్గర తరచుగా జరిగే ముచ్చట ఒకటి చెబుతాను. ఎవరో ఒకావిడ ఖాతా తెరవడానికి వస్తుంది. "మీ ఆయన పేరేంటమ్మా?" అని అడుగుతాం. ఆవిడ తల వంచుకుంటుంది, పక్కనున్న పిల్లాణ్ణి పొడుస్తుంది, వాడు చెప్పకపోతే గోడమీది క్యాలెండరు వైపు చూపిస్తుంది. "కొండమీద సామి పేరే, బాబూ" అంటుంది. మొగుడి పేరు నోటితో పలికితే ఆయనకి ఆయుక్షీణమని నమ్మిక. మేము అర్థం చేసుకుని 'వెంకటేశ్వర్లు' అని రాసుకునేవాళ్ళం. రాసింది సరైనదో కాదో తర్వాత చెబుతాను. నా ప్రసంగమంతా అక్కడే ఉంది.

మొదట అర్థం చూద్దాం. 'వేంకటేశ్వరుడు' అంటే వేంకటానికి ఈశ్వరుడు, వేంకటమనే కొండకి ప్రభువు. మరి వేంకటమంటే? మన పురాణాలు చెప్పే అర్థం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 'వేం' అంటే పాపాలు, 'కట' అంటే కాల్చేయడం. పాపాలను దహించే కొండ కాబట్టి వేంకటాద్రి. ఇది భక్తి చెప్పిన అర్థం. దీనికంటే ముందే ఆ కొండ పేరు తమిళంలో కనిపిస్తుంది. ప్రాచీన తమిళ సాహిత్యం ఈ కొండని 'వేంగడం' అంటుంది. తమిళదేశానికి ఉత్తరాన వేంగడం, దక్షిణాన కుమరి హద్దులని వాళ్ళ పాత వ్యాకరణ గ్రంథమైన తొల్కాప్పియం ముందుమాటలోనే ఉంది. అంటే తమిళులకి అది సరిహద్దు రాయి, మనకి అది గుమ్మం. రెండు భాషలు కలిసే చోట నిలబడ్డ కొండ పేరు మన ఇళ్ళలోకి వచ్చి మగపిల్లల పేరైంది.

అందుకే ఈ పేరు మన ఒక్కరిదే అనుకోకూడదు. తమిళులు వేంకటేశన్, వేంకటాచలం అంటారు. కన్నడిగులు వెంకటేశ, వెంకటప్ప అంటారు. మరాఠీవాళ్ళు వ్యంకటేశ్ అని రాస్తారు. కొంకణి మాట్లాడే గౌడ సారస్వతులు కర్ణాటక తీరం పొడుగునా వెంకటరమణుడికి గుళ్ళు కట్టుకున్నారు. రమణ మహర్షికి తల్లిదండ్రులు పెట్టిన పేరు వేంకటరామన్. మంత్రాలయం రాఘవేంద్రస్వామి పూర్వాశ్రమంలో వేంకటనాథుడు. ఇంకా వెనక్కి వెళితే 1268లో కంచి దగ్గర పుట్టిన వేదాంత దేశికుల అసలు పేరు కూడా వేంకటనాథుడే. ఆయన తిరుమల గుడి గంట అవతారమని వైష్ణవులు నమ్ముతారు. కాబట్టి ఏడు వందల యాభై ఏళ్ళ క్రితమే ఒక తల్లి తన పిల్లాణ్ణి ఈ పేరుతో పిలిచిందన్నమాట.

ఇంతమందికీ ఉన్నా, నా పేరు వినగానే నేను తెలుగువాణ్ణని ఎవరైనా చెప్పేస్తారు. ఎలాగంటే, చివర్లో ఉన్న 'లు' వల్ల. అది బహువచనం. ఒకడినే అయినా బహువచనం ఎందుకంటే గౌరవానికి. మనం పెద్దవాళ్ళని 'మీరు', 'వారు' అన్నట్టే, దేవుడి పేరు పెట్టుకున్న పిల్లాడికి కూడా 'లు' తగిలించాం. శ్రీరాములు, ఆంజనేయులు, నరసింహులు, కోటేశ్వర్లు, నాగేశ్వర్లు, అన్నీ ఆ బాపతే. ఎంత ముచ్చటైన ఏర్పాటో చూడండి! తల్లి పిల్లాణ్ణి కోపంతో "ఒరేయ్ వెంకటేశ్వర్లూ, ఇటురా" అన్నా, ఆ 'ఒరేయ్' పిల్లాడికి, ఆ 'లు' దేవుడికి. తిట్టు ఒకరికి, మర్యాద ఒకరికి.

ఇంక అసలైన వేంకటేశ్వరుడికీ మన వృత్తికీ ఉన్న సంబంధం చెప్పకపోతే బ్యాంకు సమావేశం పూర్తికాదు. పద్మావతీదేవితో పెళ్ళికి ఆయన కుబేరుడి దగ్గర అప్పు చేశాడు. పత్రం రాశాడు. బ్రహ్మ, శివుడు సాక్షులు. కలియుగాంతం దాకా వడ్డీ కడుతూ ఉంటానన్నాడు. అందుకే ఆయన వడ్డికాసులవాడు. మన లెక్కన చూస్తే ఇంత పొడుగైన గడువుతో, ఇంత గట్టి సాక్షులతో, ఒక్క వాయిదా కూడా ఎగ్గొట్టని ఖాతా ఇంకొకటి లేదు. మా పాత రీజనల్ మేనేజరు ఒకాయన రుణాల సమీక్ష మొదలుపెట్టే ముందు ఈ కథే చెప్పేవారు.

కథని పక్కనపెట్టినా చరిత్రలో కూడా ఆ కొండమీద లెక్కలు బాగానే ఉన్నాయి. పదో శతాబ్దంలో సామవై అనే పల్లవ వంశపు రాణి గుడికి వెండి విగ్రహం చేయించి ఇచ్చింది. దానికి జరగాల్సిన సేవల కోసం భూములు కూడా రాసింది. ఆ విగ్రహమే భోగ శ్రీనివాసమూర్తి. విజయనగర కాలం నాటి శాసనాల్లో ఇంకా తమాషా అయిన సంగతుంది. భక్తులిచ్చిన డబ్బుని గుడి వాళ్ళు ఊరికే పెట్టెలో పెట్టలేదు. గుడి ఊళ్ళలో చెరువులు బాగుచేయించడానికి, కాలువలు తవ్వించడానికి వెచ్చించారు. దానివల్ల పెరిగిన పంటలో నుంచి దాత పేరుమీద నైవేద్యం నడిపించారు. అసలు చెక్కుచెదరకుండా రాబడితో సేవ జరపడమన్నమాట. మనం వ్యవసాయ రుణమనీ ఫిక్సెడ్ డిపాజిట్ అనీ వేరువేరు కౌంటర్లలో చేసే పనిని వాళ్ళు ఒక్క శాసనంలో చేశారు.

రాజులకీ ఈ పేరు మీద మక్కువే. 1586 నుంచి 1614 దాకా ఏలిన వెంకటపతిరాయలు తన పేరులోనే స్వామిని పెట్టుకున్నాడు. ఆయన బంగారు నాణెం మీద ఒకవైపు స్వామి నిలబడి ఉంటాడు, రెండోవైపు స్వామికి నమస్కారమని నాగరి లిపిలో ఉంటుంది. తర్వాత ఈస్టిండియా కంపెనీ వాళ్ళు కూడా మద్రాసులో ఇద్దరు దేవేరులతో ఉన్న స్వామి బొమ్మతో నాణేలు ముద్రించారు. కంపెనీ దొరలకి భక్తి ఉండి కాదు. ఆ బొమ్మ ఉంటేనే మనవాళ్ళు నాణేన్ని నమ్మి తీసుకునేవాళ్ళు.

రాజుల కంటే ఎక్కువగా ఈ పేరుని ఇంటింటికీ చేర్చింది పాట. కడప జిల్లా తాళ్ళపాకలో పుట్టిన అన్నమాచార్యుడు 1408 నుంచి 1503 దాకా బతికాడంటారు. ముప్ఫైరెండు వేల సంకీర్తనలు రాశాడని ప్రసిద్ధి. వాటిలో చాలావాటిని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలోనే ఒక అరలో భద్రపరిచారు. దాన్ని సంకీర్తన భండారం అన్నారు. మన భాషలో స్ట్రాంగ్ రూమ్. ప్రతి పాటలోనూ వేంకటేశుడి పేరు ముద్రగా ఉంటుంది. జోలపాటైనా, శృంగారమైనా, వేదాంతమైనా చివరికి సంతకం ఆ పేరే. తర్వాత తరిగొండ వెంగమాంబ 'వేంకటాచల మాహాత్మ్యం' రాసింది. ఆవిడ పేరులో కూడా స్వామి ఉన్నాడు, కొంచెం నోటి వాడుకలో అరిగి వెంగమయ్యాడు.

ఆ అరగడమే ఈ పేరు అందం. ఇదే పేరు వెంకన్న అయింది, వెంకయ్య అయింది, వెంకటప్పయ్య, వెంకటస్వామి, వెంకటశాస్త్రి, వెంకటరెడ్డి, వెంకటరావు, వెంకటేశం, వెంకటరమణ, తిరుమలరావు, ఏడుకొండలు, శ్రీనివాసు, గోవిందు, బాలాజీ. తెలంగాణ పల్లెల్లో వెంకటి, ఎంకన్న. ఆడపిల్లలైతే వెంకమ్మ, వెంకటలక్ష్మి, ఎంకి. కులం, ప్రాంతం, ఆస్తి ఏదైనా ఈ పేరుకి అడ్డు లేదు. కలెక్టరు వెంకటేశ్వర్లు, ఆ కలెక్టరు కారు నడిపే డ్రైవరు వెంకటేశ్వర్లు, ఆ కారుకి పంక్చరు వేసేవాడూ వెంకటేశ్వర్లే అయిన రోజులు నాకు తెలుసు.

ఎందుకంత వ్యాపించింది? మొక్కు వల్ల. పిల్లలు పుట్టక మొక్కుకున్నా, పుట్టి దక్కక మొక్కుకున్నా, జ్వరం తగ్గితే చాలని మొక్కుకున్నా, తల్లిదండ్రులు ఇవ్వగలిగింది రెండే. ఒకటి పుట్టువెంట్రుకలు, రెండోది పేరు. రెండింటికీ డబ్బక్కర్లేదు. తిరుమలకి మొదటి ఘాట్ రోడ్డు పడింది 1944లో. అంతకుముందు కొండెక్కడమంటే నడక, లేకపోతే డోలీ. పోయి రాలేనివాళ్ళు పిల్లాడి పేరుతోనే మొక్కు చెల్లించుకునేవాళ్ళు. నా సంగతీ అంతే. నాకు ముందు ఇద్దరు దక్కలేదట. మా నాన్న కొండవైపు తిరిగి దణ్ణం పెట్టి, మూడోవాడు బతికితే నీ పేరే అన్నాడట. పైగా నాది మృగశిర మొదటి పాదం. ఆ పాదానికి అక్షరం 'వే'. పురోహితుడు గారు కూడా ఇంకేం అడ్డు చెప్పలేదు.

పిల్లలూ, ఇప్పుడు మీకో ఆట. పెద్దవాళ్ళ పేర్లలో పొడి అక్షరం 'వి' కనిపిస్తే దాని వెనక ఎవరున్నారో వెతకండి. సి.వి. రామన్ అంటే చంద్రశేఖర వేంకట రామన్. పి.వి. నరసింహారావు గారు పాములపర్తి వెంకట నరసింహారావు. మన ఎస్.వి. రంగారావు సామర్ల వెంకట రంగారావు. క్రికెట్ చూసేవాళ్ళకి వి.వి.ఎస్. లక్ష్మణ్, వంగీపురపు వెంకట సాయి లక్ష్మణ్. జెండా రూపొందించిన పింగళి వెంకయ్య, ఫిడేలు నాయుడు గారు ద్వారం వెంకటస్వామి, ఘంటసాల వెంకటేశ్వరరావు పేర్లు దాక్కోకుండా బయటే ఉన్నాయి. ఇంకొక్క పేరు ప్రత్యేకంగా మన బ్యాంకు కుటుంబాలు గుర్తుంచుకోవాలి. 1969 జూలై 19న 14 బ్యాంకులను జాతీయం చేసిన ఆర్డినెన్సు మీద సంతకం పెట్టింది అప్పటి తాత్కాలిక రాష్ట్రపతి వి.వి. గిరి. మరునాడే ఆయన ఆ పదవికి రాజీనామా చేశారు. వరాహగిరి వెంకట గిరి. మనందరి జీతాల వెనక, పల్లెపల్లెకీ వెళ్ళిన బ్రాంచీల వెనక కూడా ఒక వెంకట సంతకం ఉంది.

ఇంతదాకా గొప్పలు చెప్పాను. ఇప్పుడు తప్పు చెప్పాలి.

నిజానికి చాలాకాలం నాకు ఈ పేరంటే చిన్నతనంగా ఉండేది. పాతకాలపు పేరు, పైగా పొడుగు. ప్రమోషన్ మీద భోపాల్ వెళ్ళినప్పుడు అక్కడివాళ్ళకి నోరు తిరగక 'వెంకట్ జీ' అన్నారు. నాకు హాయిగా అనిపించింది. నేమ్‌ప్లేటు మీద కూడా అదే రాయించుకున్నాను. మా నాయనమ్మ ఉత్తరం రాయిస్తే వెంకయ్యకి అని రాయించేది, అది చూసి ఎవరైనా నవ్వుతారేమోనని జేబులో పెట్టేసుకునేవాణ్ణి.

తర్వాత మన ప్రాంతానికి మేనేజరుగా వచ్చాను. 2007 అనుకుంటాను. ఒక పెద్దావిడ వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నలభై వేల ఫిక్సెడ్ డిపాజిట్ రసీదు. భర్త చనిపోయి రెండు నెలలైంది. నామినేషన్ లేదు. రసీదు మీద పేరు వెంకటేశ్వర్లు. మరణ ధ్రువపత్రం మీద వెంకయ్య. రేషన్ కార్డులో వెంకటేశ్వరరావు. ఇంటిపేరు, ఊరు, తండ్రి పేరు అన్నీ ఒకటే. "ఇందులో మీ ఆయన ఎవరమ్మా?" అని అడిగాను. ఆవిడ నా వంక విచిత్రంగా చూసి, "అన్నీ ఆయనే, బాబూ. కొండమీద సామి పేరే కదా" అంది.

నేను ఏం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. మూడు పేర్లు ముగ్గురు మనుషులవుతాయని చెప్పాను. వారసత్వ పత్రం కోర్టు నుంచి తెమ్మన్నాను. ఆవిడ మళ్ళీ వచ్చింది. మండల కార్యాలయం కాగితం చాలదన్నాను. మళ్ళీ వచ్చింది. ఆడిట్ ఉంది, తర్వాత రమ్మన్నాను. అలా నాలుగు నెలలు. చిన్న మొత్తాలకి కోర్టు పత్రం కోసం పట్టుబట్టొద్దు, ఇండెమ్నిటీ బాండు తీసుకుని వారసులకి ఇచ్చేయండి, జనాన్ని తిప్పొద్దు అని రిజర్వు బ్యాంకు 2005లోనే చెప్పింది. ఆ సర్క్యులర్ నా సొరుగులోనే ఉంది. రూల్ తెలియక కాదు, సంతకం పెట్టడానికి భయం. రేపు ఇంకో వెంకయ్య తరఫువాళ్ళు వస్తే? నా ఉద్యోగం, నా పెన్షన్?

ఒకరోజు మా సబ్‌స్టాఫ్ కుర్రాడు వచ్చి, "సార్, ఆ ముసలమ్మ మా వీధే. వానలకి ఇంటికప్పు కూలింది. నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇరవై వేలు తెచ్చుకుంది" అన్నాడు. అంటే నెలకి ఆరు వందలు. నాలుగు నెలలకి రెండు వేల నాలుగు వందలు. సొంత డబ్బు మన బ్యాంకులో ఉండగా ఆవిడ బయట వడ్డీ కట్టింది. ఆ రెండు వేల నాలుగు వందలు నా భయం ఖరీదు.

ఆ రాత్రి ఇంటికెళ్ళి నా కాగితాలన్నీ తీసి మంచం మీద పరిచాను. పదో తరగతి సర్టిఫికెట్లో వెంకటేశ్వర్లు. పాన్ కార్డులో అదే పేరు, ఇంగ్లీషులో 'వర్లు' బదులు 'వరులు'. భోపాల్ గ్యాస్ కనెక్షన్లో వెంకట్. మా అబ్బాయి స్కూలు రికార్డులో తండ్రి పేరు వెంకటేశ్వరరావు, చేర్చినరోజు మా బావమరిది వెళ్ళి అలా రాయించాడు. ఇల్లు రిజిస్ట్రేషన్లో ఇంటిపేరు ముందొచ్చింది, ఇన్సూరెన్సులో వెనకొచ్చింది. నాకే ఐదు రూపాలు. రేపు నాకేమన్నా అయితే మా ఆవిడ ఇలాంటి ప్లాస్టిక్ కవరు పట్టుకుని ఏ మేనేజరు ముందు నిలబడాలి? ఆయన కూడా నాలాంటివాడే అయితే?

మర్నాడు నేనే ఆ వీధికి వెళ్ళాను. మూడు పేర్లూ ఒక్క మనిషివే అని అఫిడవిట్, ఇద్దరు తెలిసినవాళ్ళ హామీ, ఇండెమ్నిటీ బాండు, అన్నీ రెండు రోజుల్లో పూర్తయ్యాయి. డబ్బు ఇచ్చినప్పుడు ఆవిడ నన్నొక్క మాట కూడా అనలేదు. "నీ పేరేంటి, బాబూ?" అంది. చెప్పాను. ఆవిడ చేతులు రెండూ జోడించి, "ఆ పేరు నేను పలకకూడదు నాయనా" అంటూ నవ్వింది. నాలుగు నెలల్లో ఆవిడ నవ్వడం అదే మొదటిసారి చూశాను. ఆ సాయంత్రం భోపాల్ నుంచి తెచ్చుకున్న నేమ్‌ప్లేటు తీసేసి పూర్తి పేరుతో కొత్తది చేయించుకున్నాను.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మన పేర్లు ఇంట్లో ఎన్ని రకాలుగా పిలిచినా ముచ్చటే, కాగితాల మీద మాత్రం ఒక్కటే ఉండాలి. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు, అదీ పొడి అక్షరంగా. కంప్యూటరు అడిగేది మొదటి పేరు, మధ్య పేరు, చివరి పేరు. ఆ మూడు గళ్ళలో మన పేరుని ఎవరు ఎలా ఇరికిస్తే అలా ఉండిపోతుంది. డబ్బు పంపేటప్పుడు ఖాతా నంబరు ఒక్క అంకె తప్పినా ఇంకో వెంకటేశ్వర్లుకి వెళ్ళేది. ఇప్పుడు నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ చేసేముందు అవతలివాళ్ళ పేరు చూసుకునే సదుపాయం 2025 ఏప్రిల్ 1 నాటికల్లా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులకి చెప్పింది. దాన్ని వాడండి. ఇవాళ ఇంటికెళ్ళాక ఒక్క గంట కూర్చోండి. ఆధార్, పాన్, పాస్‌బుక్కు, పెన్షన్ కాగితం, పిల్లల సర్టిఫికెట్లు పక్కపక్కన పెట్టి చూడండి. అన్ని ఖాతాలకీ నామినీ ఉన్నారో లేదో చూడండి. మనం ఊరందరికీ నామినేషన్ రాయిస్తాం, మన ఖాతాలకి రాసుకోం. నవ్వకండి, నాకు తెలుసు.

ఇంక చివరి ముచ్చట. పోయిన ఏడాది మాకు మనవడు పుట్టాడు. మనవైపు పెద్ద మనవడికి తాత పేరు పెట్టడం ఆనవాయితీ. తమిళంలో మనవణ్ణి 'పేరన్' అంటారు, పేరు మోసేవాడని. నాకు లోపల ఆశ ఉంది. మా నాన్న మొక్కుకున్న పేరు నాతో ఆగిపోకూడదని. అబ్బాయి ఫోన్లో, "నాన్నా, విహాన్ అనుకుంటున్నాం" అన్నాడు. "బాగుంది" అన్నాను. గొంతు బాగాలేదని వాడికి తెలిసిపోయినట్టుంది. రాత్రి కోడలు ఫోన్ చేసి, "మావయ్యగారూ, మీకు ఇష్టమైతే వెంకట కూడా కలుపుతాం. మీరు బాధపడొద్దు" అంది.

నేను ఒప్పేసుకునేవాణ్ణే. పక్కనే ఉన్న మా ఆవిడ ఫోన్ లాక్కుంది. "అమ్మాయ్, ఆ పేరు పెట్టారంటే నేను వాణ్ణి ఎలా పిలవను? నలభై ఏళ్ళుగా నోటితో పలకని పేరు. మనవణ్ణి నోరారా పిలుచుకునే భాగ్యం కూడా లేకుండా చేస్తారా?" అంది. నాకు ఒక్కసారిగా నవ్వూ వచ్చింది, కళ్ళూ చెమర్చాయి. మా నాయనమ్మ నన్ను వెంకయ్య అని ఎందుకు పిలిచేదో, మా అమ్మ పెదబాబు అని ఎందుకనేదో అప్పుడర్థమైంది. నా పేరు మా తాత పేరు కూడా. మామగారి పేరు పలకలేక అమ్మ పెదబాబు అంది. మొగుడి పేరు పూర్తిగా పలకలేక నాయనమ్మ దాన్ని కొంచెం విరిచి వెంకయ్య అంది. మన ఊళ్ళలో ఇంతమంది చినబాబులు, అబ్బాయిలు, బుజ్జిగాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారనుకున్నారు? ఆడవాళ్ళు పలకలేని పేర్ల లోంచే.

బారసాల నాడు పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాశారు. మొదట నక్షత్రం పేరు, తర్వాత విహాన్. మూడోది నన్ను రాయమన్నారు. రాశాను, 'లు'తో సహా. ఆ మూడోది బియ్యంలోనే ఉండిపోయింది. మునిసిపాలిటీ కాగితంలో విహాన్ ఒక్కటే రాయించమని నేనే మా అబ్బాయికి చెప్పాను. "ఒక్కటే పేరు, ఒక్కటే స్పెల్లింగు, చచ్చినా మార్చొద్దు" అన్నాను. ఆ బియ్యంతో మర్నాడు పరమాన్నం వండారు. అందరం తిన్నాం. పేరు ఎక్కడికీ పోలేదు, మా అందరి కడుపులోనే ఉంది.

ఈ సంవత్సరం వాడి పుట్టువెంట్రుకలు కొండమీదే తీయిస్తున్నాం. మా ఆవిడ వాణ్ణి రోజుకి వందసార్లు విహాన్ అని పిలుస్తోంది. నన్ను మాత్రం ఇంకా "ఏమండీ" అనే అంటోంది.

పిల్లలూ, ఐస్‌క్రీమ్ వచ్చేసింది, నాకు కనిపిస్తోంది.